వర్మలో కొత్తదనం ఎక్కడ ఆగిపోయింది?

(విజయనగరంలో సినిమా ప్రేక్షకులు, షార్ట్ ఫిల్ములు తీసే యువతీయువకులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గంటస్తంభం దగ్గర నలుగురు కుర్రాళ్ళు టీ తాగుతూ సినిమా మాట ఎత్తితే, పావుగంటలో రాంగోపాల్ వర్మ పేరు వస్తుంది. వచ్చిన వెంటనే ఎవరో ఒకరు "ఆయన పనయిపోనాది" అంటారు. తక్కినవాళ్ళు తలూపుతారు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది. నాకు అభ్యంతరం అక్కడే. 1989 అక్టోబర్ 5న 'శివ' విడుదలై తెలుగు సినిమా చూసే కళ్ళనే మార్చేసింది. అలాంటి సినిమా తీసిన మనిషి గురించి ఒక్క ముక్కలో తేల్చేయడం న్యాయం కాదు. అయిపోయింది సరే, ఏది అయిపోయింది? కథ కట్టడం చేతకాకుండా పోయిందా? కెమెరా ఎక్కడ పెట్టాలో మర్చిపోయారా? నటుల చేత చేయించుకోవడం పోయిందా? వీటిని విడివిడిగా అడిగితేనే జవాబు దొరుకుతుంది. సినిమా తీద్దామనుకునే మీకు పనికొచ్చేది కూడా ఆ జవాబే.

ముందు కథ సంగతి చూద్దాం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "మొదట్లో సొంత కథలు తీశాడు, తరువాత కాపీలకు దిగాడు" అంటారు. ఇది నిజం కాదు. 'శివ' కథకు మూలం బ్రూస్ లీ 1972లో తీసిన 'వే ఆఫ్ ది డ్రాగన్' అని వర్మే స్వయంగా చెప్పారు. అక్కడ రౌడీలు పీడించే హోటలు, ఇక్కడ రౌడీలు పీడించే కాలేజీ. బయటినుంచి వచ్చినవాడు ఎదురు తిరుగుతాడు. 2005లో వచ్చిన 'సర్కార్' మొదలయ్యేదే 'గాడ్‌ఫాదర్'కి నివాళి అన్న మాటతో. అంటే మంచి రోజుల్లోనూ ఆయన కథ ఎక్కడినుంచో వచ్చిందే. అందులో తప్పేమీ లేదు. మన ఊళ్ళో ఆ మాట మరీ చెప్పనక్కర్లేదు. ఆదిభట్ల నారాయణదాసు గారు ధ్రువచరిత్ర హరికథగా చెబితే, ధ్రువుడి కథ తెలియనివాళ్ళు ఎవరు వచ్చి కూర్చున్నారు? అందరికీ తెలిసిన కథే. ఎక్కడ ఆపుతారు, ఏ రాగంలోకి వెళతారు, ఏ పాత్రను ఎంతసేపు నిలబెడతారు అన్నది చూడడానికే జనం వచ్చేవారు. వర్మ కొత్తదనమూ అటువంటిదే. అది కథలో ఎప్పుడూ లేదు, చేతపనిలో ఉంది. కాబట్టి పోతే అది చేతపనిలోనే పోయి ఉండాలి. వెతకవలసింది అక్కడ.

'శివ'లో సైకిల్ చైను ఘట్టం తీసుకుందాం. చాలాసార్లు చూసి ఉంటారు, అయినా ఈసారి గడియారం పెట్టుకుని చూడండి. దెబ్బ పడిన సమయం కంటే దెబ్బకు ముందు గడిచే సమయం ఎక్కువ. అప్పటి తెలుగు సినిమాలో ఫైటు అంటే హీరో ఒక డైలాగు చెప్పాలి, వాద్యాలు మోగాలి, అప్పుడు మనిషి గాలిలోకి లేవాలి. ఇక్కడ శివ మాట్లాడడు. సైకిల్ చైను లాగి తెంపుతాడు. అది తెగిన ఇనుప చప్పుడు మనకి వినబడుతుంది. ఆ చప్పుడే డైలాగు. కాలేజీ ఆవరణలో ఏ క్షణాన చూసినా కనబడే వస్తువు సైకిలు. దానిలోనే ఆయుధం ఉందని ఈ ఘట్టం చూపించింది. దర్శకుడి ఊహ అంటే నా లెక్కలో ఇదీ. ఆ చోట ఉన్న వస్తువే ఆ చోటి హింసగా మారింది. బయటినుంచి ఏమీ తెచ్చి పెట్టలేదు.

ఇక దాని వెనకాల నిలబడిన మనుషుల్ని చూడండి. ఛాయాగ్రహణం ఎస్. గోపాలరెడ్డి. సంగీతం ఇళయరాజా. మాటలు తనికెళ్ళ భరణి. నానాజీ పాత్ర వేసింది కూడా ఆయనే. భవానీగా రఘువరన్. విలన్ అరవకపోతే ఎక్కువ భయపెడతాడని ఆ పాత్ర చూపించింది. దర్శకత్వ శాఖలో ఉన్నవాళ్ళు శివనాగేశ్వరరావు, తేజ, కృష్ణవంశీ, గుణశేఖర్. ఈ నలుగురూ తరువాత దర్శకులయ్యారు. మొదటి సినిమా తీస్తున్న దర్శకుడు చెప్పిన మాటకు, తనదంటూ ఒక చూపున్న నలుగురు తల గోక్కుని "ఇలా అయితే ఎలాగండీ" అని అడిగే పరిస్థితి అది. పైగా నిర్మాణం అన్నపూర్ణ స్టూడియోస్‌ది. కొత్త దర్శకుడు అనుకున్నది అనుకున్నట్టు జరగాలంటే ప్రతి షాటుకీ కారణం చెప్పి ఒప్పించాలి. అలా చెప్పాల్సి రావడం వల్లే చాలా షాట్లు పదునెక్కుతాయి.

దానికి తోడు ఫిలిం ఖర్చు. షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు ఈ లెక్క రాసుకోండి. 35 ఎంఎం ఫిలిం ఒక అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు కెమెరాలో పెడితే పదకొండు నిమిషాలకు అయిపోతుంది. నాలుగు వందల అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలకు కూడా రాదు. కెమెరాను కుదుపు లేకుండా మోసే స్టెడీకామ్ మీద బరువు తగ్గాలి కాబట్టి సాధారణంగా ఆ చిన్న రీలే పెట్టేవారు. నటుడు తడబడ్డా, ఫోకస్ జారినా ఆ అడుగులు పోయినట్టే, తిరిగి వాడుకోవడం ఉండదు. అందుకని రిహార్సల్ ముందు జరిగేది. నేలమీద సుద్దతో గుర్తు పెట్టేవారు. టేపుతో కొలిచి, ఫోకస్ సరిచేసే సహాయకుడు (ఫోకస్ పుల్లర్) దూరాలు రాసుకునేవాడు. ఆలోచన అంతా కెమెరా తిరగకముందే అయిపోయేది.

స్టెడీకామ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. అమెరికాలో గారెట్ బ్రౌన్ తయారు చేసిన పరికరం ఇది. 1976లో మొదటిసారి సినిమాలో కనబడింది. భాగాలు మూడు. ఆపరేటరు ఒంటికి తొడుక్కునే వెస్టు, దానికి తగిలించిన స్ప్రింగుల చెయ్యి, ఆ చెయ్యి చివర నిలువు కమ్మీ. కమ్మీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, మానిటరు. మధ్యలో కమ్మీ ఎటైనా తేలిగ్గా తిరిగేలా పట్టి ఉంచే కీలు, గింబల్. బరువు పైకీ కిందకీ పంచి దూరం చేయడంతో కమ్మీ ఊరికే తిరిగిపోదు. మనిషి అడుగుల కుదుపును స్ప్రింగు చెయ్యి మింగేస్తుంది. పట్టాలు వేయడానికి వీల్లేని చోట, మెట్ల మీద, ఇరుకు సందుల్లో కూడా కెమెరా పరుగెత్తగలదు. కానీ పరికరం తనంతట తాను భయం పుట్టించదు. 'శివ'లో చిన్నపిల్లను సైకిలు మీద ఎక్కించుకుని శివ సందులు పట్టుకుని పారిపోయే ఘట్టం ఉంది కదా, అక్కడ కెమెరా కదలికకు కారణం ఉంది. వెనక తరిమేవాళ్ళున్నారు, ముందు పిల్ల ఉంది, సందు ఇరుకు. హాల్లో కూర్చున్న మనిషికి స్టెడీకామ్ అన్న పేరే తెలియదు. పిల్లకి ఏమవుతుందో అన్న గుండెదడ ఒక్కటే తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

'క్షణ క్షణం' 1991, 'రాత్రి' 1992, 'గాయం' 1993, 'రంగీలా' 1995. వీటిని గబగబా దాటేస్తున్నాను. ఒక్కటి గమనించండి, ఏ రెండూ ఒక జాతివి కావు. పారిపోతున్న ఇద్దరి కథ, దయ్యం కథ, బెజవాడను గుర్తుచేసే ముఠా తగవులు, సినిమా పిచ్చి ఉన్న అమ్మాయి కథ. వేరే వేరే సంగీత దర్శకులు, వేరే వేరే రచయితలు. ప్రతిసారీ కొత్త మనుషులతో కొత్తగా తగువు పడవలసి వచ్చింది.

'సత్య' దగ్గర ఆగాలి. 1998 జూలై. రచన సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్. పాటలకు విశాల్ భరద్వాజ్, నేపథ్య సంగీతానికి సందీప్ చౌతా. కెమెరాకి ఇద్దరు, అమెరికా నుంచి వచ్చిన జెరార్డ్ హూపర్, మజహర్ కమ్రాన్. ముఠా నాయకుడు భీకూ మాత్రే పాత్రకు మనోజ్ బాజ్‌పాయికి జాతీయ అవార్డు వచ్చింది. అందరూ కొండ మీద అరిచే ఘట్టం గుర్తు చేసుకుంటారు. నేను మిమ్మల్ని చూడమనేది భీకూ చావు. ఎన్నికల్లో గెలిచిన సంబరం. ముఠాను వాడుకునే రాజకీయ నాయకుడు భావూ ఇంట్లో నవ్వులు, కబుర్లు. మాటల మధ్యలోనే తుపాకీ పేలుతుంది, భీకూ పడిపోతాడు. అంతే. ముందుగా హెచ్చరించే వాద్యం లేదు. స్లో మోషన్ లేదు. భావూ కళ్ళు దగ్గరగా చూపించి "ఇప్పుడేదో జరగబోతోంది" అని చెప్పే షాటు లేదు. కెమెరాకి కూడా ముందు తెలియనట్టే ఉంటుంది. మనం రెండు గంటలుగా ప్రేమిస్తున్న మనిషి ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు లేకుండా పోతాడు. సినిమాలో పెద్ద పాత్ర చనిపోతే కనీసం ఒక నిమిషం ఏడవనిస్తారు, ఆ ఆనవాయితీని ఇక్కడ కాదన్నారు. అలా కాదనాలంటే ఆ పాత్ర మీద ప్రేమ పుట్టించేటంత రచన ముందు జరిగి ఉండాలి. భార్యతో కొట్లాట, అన్నం, ముఠాలోని కల్లూమామ వేళాకోళం, ఇవన్నీ పేర్చిన తరువాతే ఆ ఒక్క తూటా పనిచేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "ఆయన తొందరగా తీయడం మొదలెట్టారు, అందుకే చెడిపోయారు" అని. నేను ఒప్పుకోను. 1999లో వచ్చిన 'కౌన్' చూడండి. ఒక ఇల్లు, ముగ్గురు నటులు, పాటలు లేవు, చాలా తక్కువ రోజుల్లో తీసేసినది. ఊర్మిళ, మనోజ్ బాజ్‌పాయి, సుశాంత్ సింగ్. ఈనాటికీ రాత్రిపూట ఒంటరిగా చూడలేరు. ఎందుకు నిలబడింది? రాత పక్కాగా ఉంది. తలుపు ఎప్పుడు తీయాలి, గొళ్ళెం ఎప్పుడు పెట్టాలి, ఎవరి మాట ఎంతవరకు నమ్మించాలి అన్నది కాగితం మీదే తేలిపోయింది. షూటింగు తొందరగా జరిగినా, రాతలో తొందరపాటు కనబడదు. ఈ తేడా తెలియక మన కుర్రాళ్ళు చాలామంది "రెండు రోజుల్లో తీసేశాం" అని గొప్పగా చెబుతారు. రెండు రోజుల్లో తీయండి, నష్టం లేదు. రెండు రోజుల్లో రాయకండి.

ఇప్పుడు తగ్గుదల చూద్దాం. దయ్యం సినిమాల వరసలో అది బాగా కనబడుతుంది. 'రాత్రి'కి నేపథ్య సంగీతం మణిశర్మ, ఆయనకి అది మొదలు. నేలకు దగ్గరగా జారుతూ వెళ్ళే కెమెరా కంటికి కనబడని ఏదో ఒకదాని చూపు అవుతుంది. 2003లో 'భూత్'. మామూలు అపార్ట్‌మెంటు, మామూలు భార్యాభర్తలు, పాటలు లేవు. ధ్వని రూపకల్పన ద్వారక్ వారియర్. అందులో భయం చాలావరకు చెవుల ద్వారా వస్తుంది. ఆ పైన వచ్చిన దయ్యం సినిమాల్లో చప్పుడు ఇంకా పెద్దదయింది, భయం మాత్రం తగ్గింది. దీనికి ఇంజనీరింగు కారణం ఉంది.

థియేటర్లో ధ్వనిని సరిచేసేటప్పుడు డాల్బీ ప్రాసెసర్‌లో మోతను పెంచి తగ్గించే మీటను (ఫేడరు) 7 మీద ఉంచి, తెర వెనక ఉన్న ఒక్కో స్పీకరు నుంచి 85 డెసిబెల్స్ వచ్చేలా అమరుస్తారు. సినిమా ధ్వనులన్నీ కలిపే మిక్సింగు థియేటర్లోనూ అదే కొలత. అంటే దర్శకుడు విన్నదీ మనం వినేదీ ఒకటే కావాలి. కానీ సినిమా పొడుగునా మోతే ఉంటే ప్రేక్షకులు గొడవ పెడతారు. ఆపరేటరు ఫేడరు 5కో 4.5కో దించేస్తాడు. దించగానే ముందు పోయేది మెల్లని చప్పుళ్ళు. గాలి, గడియారం, పక్కగదిలో నీళ్ళ చుక్క, ఇవి ఫ్యాన్ల హోరులో కలిసిపోతాయి. మిగిలేది కేకలు. ఇంకో సంగతి, చెవి దేనికైనా అలవాటు పడుతుంది. పెద్ద మోతకు చెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలికి పోయే మోతను తగ్గిస్తుంది. పది నిమిషాలు వరసగా మోగించాక పదకొండో నిమిషంలో ఉలిక్కిపడమంటే మనిషి పడడు. ఉలికిపాటు కావాలంటే దానికి ముందు కనీసం పాతిక, ముప్ఫై సెకన్లు దాదాపు ఏమీ లేకుండా ఉంచాలి. ఇది వర్మకు తెలియని విద్య కాదు, 'భూత్'లో స్వయంగా చేసి చూపించారు. తెలిసిన పని మానేశారు. నాకు బాధ కలిగించేది అదే.

2014లో 'ఐస్‌క్రీమ్' వచ్చింది. ఆ సినిమాకి జరిగిన ప్రచారంలో ఎక్కువగా వినబడిన మాట 'ఫ్లోకామ్'. కెమెరాను కదిపే కొత్త పద్ధతి పేరు అది. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇప్పుడు తీయండి. 'శివ' చూసినవాడికి పరికరం పేరు తెలియదు, పిల్ల భయం తెలుసు. 'ఐస్‌క్రీమ్' చూడబోయేవాడికి పరికరం పేరు ముందే తెలుసు. ఆ ఇంట్లో ఉన్న అమ్మాయి ఎవరో, ఆమెకి ఏం కావాలో తెలుసుకునేంత రాత ఉందా అన్నది చూస్తే, లేదనే చెప్పాలి. కెమెరా ఇల్లంతా తిరుగుతుంది, కానీ ఎవరి చూపుగా తిరుగుతోంది? రెండో నిమిషంలో ఒక చూపు, మూడో నిమిషంలో ఇంకో చూపు. ఎవరి చూపో తెలియకపోతే భయం ఎవరికోసం పడాలో ప్రేక్షకుడికి తెలియదు.

తెరమీద ఇంకా బాగా దొరికిపోయేది 2007లో వచ్చిన 'రాంగోపాల్ వర్మ కీ ఆగ్'. 'షోలే'ని మళ్ళీ తీశారు. తీయవచ్చు. కానీ పాత ఇల్లు కూల్చేటప్పుడు ఏ గోడ మీద పైకప్పు నిలబడిందో చూసుకోవాలి. 'షోలే'లో అలాంటి గోడలు రెండు. ఒకటి చోటు. ఎటు చూసినా రాళ్ళు, ఊరికి దూరంగా ఊరు, పోలీసులు వచ్చేసరికి పని ముగిసిపోయే దూరం. అందుకే ఠాకూర్ ఇద్దరు దొంగలను కూలికి పిలవాల్సి వచ్చింది. వర్మ ఆ కథను ముంబైకి తెచ్చారు. అంత నగరంలో ఈ ఇద్దరే దిక్కు అని నమ్మడం కష్టం. రెండోది ఠాకూర్ చేతులు. రెండు చేతులూ లేవన్న నిజాన్ని శాలువా చాటున దాచి, సరైన క్షణాన గాలికి శాలువా జారేలా చేశారు పాత సినిమాలో. పగ తీర్చుకోవాల్సినవాడికి తుపాకీ పట్టే చేతులే లేవు. కథ మొత్తం దాని చుట్టూ తిరుగుతుంది. కొత్తదానిలో మోహన్‌లాల్ పాత్రకి పోయింది చేతివేళ్ళు. క్రూరత్వం అలాగే ఉంది, కానీ దాచిపెట్టడానికీ బయటపెట్టడానికీ ఉన్న పెద్ద బొమ్మ పోయింది. మార్చాలి కాబట్టి మార్చారు. ఆ మార్పు వల్ల కథలో ఇంకేం కూలుతుందో అడిగే రచయిత ఆ గదిలో ఉండి ఉంటే ఈ రెండూ కాగితం మీదే ఆగిపోయేవని నా నమ్మకం.

అంతకు ముందు ఏడాది, 2006లో, 'శివ' పేరుతోనే ఇంకో హిందీ సినిమా తీశారు. ఇళయరాజాయే సంగీతం. ఈసారి శివ పోలీసు. కాలేజీ కుర్రాడు చైను తెంపితే అది తిరుగుబాటు. పోలీసు కొడితే అది ఉద్యోగం. పేరు మిగిలింది, కథలోని ఒరిపిడి పోయింది.

సొంత పనిని మళ్ళీ చేయడం గురించి మన ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 'కన్యాశుల్కం' ఇక్కడ 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావు గారు అక్కడితో వదల్లేదు. 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇవాళ చదివేది, ఆడేది ఆ రెండోదే. మధురవాణి ఇంతటి మనిషిగా ఎదిగింది అందులోనే. మొదటి ప్రదర్శనకీ రెండో కూర్పుకీ మధ్య పదిహేడేళ్ళు. 1989 'శివ'కీ 2006 'శివ'కీ మధ్యా పదిహేడేళ్ళే. గురజాడ వారు ఆ పదిహేడేళ్ళలో పాత్రల లోపలికి వెళ్ళారు. కొత్త 'శివ' పైపైన దుస్తులు మార్చింది.

ఇక డిజిటల్. 2011లో 'దొంగల ముఠా' అయిదు రోజుల్లో, కానన్ 5డి కెమెరాలతో, చాలా చిన్న బృందంతో తీశారు. దీన్ని నేను తప్పుపట్టను. మన జిల్లాల్లో సినిమా తీయాలని ఉండి డబ్బు లేని ఎందరికో ధైర్యం ఇచ్చిన పని అది. ఆ మేలు ఒప్పుకోవాలి. కాకపోతే ఆ పద్ధతిలో ఏమేం పాడవుతాయో తెలుసుకుని దిగాలి. ఆ కెమెరా సెన్సరు 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు. సినిమా ఫిలిం ఫ్రేము కంటే బాగా పెద్దది. సెన్సరు పెద్దదైతే ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది. 50 ఎంఎం లెన్సు, ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 1.4, నటుడు రెండు మీటర్ల దూరంలో ఉంటే, ఫోకస్‌లో ఉండే లోతు మొత్తం సుమారు 13 సెంటీమీటర్లు. నటుడు మాట మధ్యలో బెత్తెడు ముందుకు వంగితే కళ్ళు మసకబారి చెవి స్పష్టంగా కనబడుతుంది. రిహార్సల్ లేకుండా, కొలత లేకుండా "కానివ్వండి" అంటే ఇదే జరుగుతుంది. ఎఫ్ 4కి మూసుకుంటే లోతు దాదాపు మూడింతలవుతుంది, కానీ వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అప్పుడు లైట్లు కావాలి. లైట్లు పెడితే సమయం కావాలి. అయిదు రోజుల్లో ఆ సమయం ఎక్కడిది?

ఒకేసారి నాలుగైదు కెమెరాలు తిప్పడం ఇంకో చిక్కు. ఒక్క కెమెరాకైతే ముఖానికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పెట్టి మనిషి మనసు చూపించవచ్చు. నాలుగు పక్కలా కెమెరాలుంటే లైటు స్టాండు ఎక్కడ పెట్టినా ఏదో ఒక ఫ్రేములో పడుతుంది. అందుకని పైనుంచి అంతటా ఒకేలా వెలుగు పోస్తారు. ముఖాలు చదునైపోతాయి. ఆ చదునును కప్పిపుచ్చడానికి వింత కోణాలు వస్తాయి. టీ కప్పు వెనకనుంచి, కుర్చీ కాళ్ళ మధ్యనుంచి, మనిషి గడ్డం కిందనుంచి. 'సర్కార్'లో గడ్డం కింద కోణం పనిచేసింది, ఎందుకంటే ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళంతా ఆ పెద్దాయన ముందు తలవంచుకునే వస్తారు. కింది చూపు వాళ్ళ చూపే. అదే కోణం ప్రతి సినిమాలో ప్రతి పాత్రకీ పెడితే అర్థం అరిగిపోతుంది. "గోవిందా గోవిందా" అంటూ 'సర్కార్'లో వినబడే కోరస్ సంగతీ అంతే. 2005లో ఒళ్ళు జలదరించింది. 2008 'సర్కార్ రాజ్' దాటి 2017 'సర్కార్ 3' దాకా వచ్చేసరికి, ఎప్పుడు వస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోయింది.

ఇంత చెప్పాక వర్మ వైపున చెప్పాల్సింది చెప్పకపోతే తప్పు. ఆయన తెచ్చిన పద్ధతిని అందరూ తీసుకున్నారు. 'సత్య' నాటికి ముంబై మురికి సందులు, చెమట పట్టిన ముఖాలు, మామూలుగా మాట్లాడే గూండాలు కొత్త. ఆయన నిర్మాణంలోనే శ్రీరాం రాఘవన్ 'ఏక్ హసీనా థీ', షిమిత్ అమీన్ 'అబ్ తక్ ఛప్పన్' 2004లో తీశారు. ఇవాళ వెబ్ సిరీస్ ఏది పెట్టినా ఆ సందులే. కాబట్టి ఆయన మారకుండా అక్కడే నిలబడినా పాతగానే కనబడేవారు. రెండోది, పడిపోయాయన్న సినిమాల్లోనూ మెరుపులున్నాయి. 2013లో ముంబై దాడుల మీద తీసిన సినిమాలో నానా పాటేకర్ ఒక గదిలో కూర్చుని జరిగింది చెప్పే ఘట్టాలు చూడండి. అక్కడ నటుడిని నమ్మారు, కెమెరాను అదుపులో పెట్టారు. 2010 'రక్తచరిత్ర'లోనూ మంచి ఘట్టాలు ఉన్నాయి. కానీ కళ్ళముందు జరుగుతున్నదాన్నే వ్యాఖ్యాత మళ్ళీ మాటల్లో చెబుతూ ఉంటాడు. దృశ్యాన్ని నమ్మడం తగ్గిందనడానికి అది గుర్తు. మాట్లాడకుండా చైను తెంపించిన దర్శకుడాయన!

ఆయన కూడా ఈ మధ్య ఈ మాట ఒప్పుకున్నారు. 2025 జనవరిలో 'సత్య' మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు చూసి, ఆ విజయాల వెలుగు తన కళ్ళు కప్పేసిందని, తరువాత విస్మయపరచడం కోసం, సాంకేతిక విద్య ప్రదర్శించడం కోసం సినిమాలు తీశానని బహిరంగంగా రాశారు. ఆ నిజాయితీని గౌరవిస్తాను. కాని అహంకారం వల్ల పోయిందనడం ఆయన మనసుకు సంబంధించిన జవాబు. చేతపని లెక్కన నా జవాబు ఇది: అడ్డుచెప్పే రచయిత పక్కన లేకుండా పోయాడు, షూటింగుకు ముందు జరగవలసిన ఆలోచన షూటింగులోకి జారిపోయింది, ధ్వని పని చివరికి నెట్టబడింది. 2002 'కంపెనీ'కి జైదీప్ సాహ్నీ రాసినట్టు, 'కౌన్'కి కశ్యప్ రాసినట్టు, దర్శకుడితో సమానంగా వాదించగల రాత ఉన్న సినిమాలు ఒక పక్క పెట్టండి. అలాంటి పేరు గుర్తురాని సినిమాలు ఇంకో పక్క పెట్టండి. ఎక్కడ గీత పడుతుందో మీకే తెలుస్తుంది. ఊహ పోలేదు. ఊహను నిలదీసే మనుషులు పోయారు.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే పరీక్షించండి. నోటుపుస్తకంలో అయిదు గడులు గీయండి: షాటు ఎన్ని సెకన్లుంది, కెమెరా కదిలిందా, అది ఎవరి చూపు, సంగీతం ఉందా, ఆ షాటు తీసేస్తే కథలో ఏం పోతుంది. 'భూత్' నుంచి పది నిమిషాలు, 'ఐస్‌క్రీమ్' నుంచి పది నిమిషాలు తీసుకోండి. పది నిమిషాల్లో నూట యాభై షాట్లుంటే సగటు నాలుగు సెకన్లు. ఆ సగటు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి; ఒక రెండు నిమిషాల షాటు, పక్కన వంద చిన్న షాట్లు ఉన్నా సగటు మామూలుగానే కనబడుతుంది. అసలు సంగతి మూడో గడిలో, అయిదో గడిలో తేలుతుంది. మూడో గడిలో ఎన్నిసార్లు "తెలియదు" అని రాశారో లెక్కపెట్టండి. 'శివ' మీద ఈ పని చేసేవాళ్ళకి ఒక జాగ్రత్త: 2025 నవంబర్‌లో వచ్చిన 4కే ప్రతికి ధ్వనిని, అన్ని వైపులనుంచీ వినిపించే డాల్బీ అట్మాస్‌లో కొత్తగా కట్టారు. చిత్రం గురించి రాసుకోవడానికి అది మేలు. ధ్వని గురించి రాసుకోవాలంటే పాత మోనో ప్రతి దొరికితే అదే వినండి. సైకిల్ చైను అందులో ఒక్క స్పీకరులోంచే తెగుతుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.